వాకిట్లో విప్పిన అంబాసిడర్

చేతులు వణకడం మొదలయ్యాక పానాలు పక్కన పెట్టేశాను. నోరు మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంది. అందుకే కాబోలు, కార్ల పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు సాయంత్రాలు నా దగ్గరికొచ్చి కూర్చుంటారు. వాళ్ళడిగే ప్రశ్నలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ గ్యారేజీలో ఎన్నేళ్ళు చేశారు, ఫోర్‌మన్ ఎప్పుడయ్యారు, సొంత షెడ్డు ఎలా వేశారు! ఒరే నాయనా, ఇవన్నీ తెలుసుకుని ఏం చేసుకుంటారు? బండి కింద వెల్లకిలా పడుకున్నప్పుడు ఇందులో ఒక్కటీ అక్కరకు రాదు.

నేను చెప్పదలచుకున్నది పాత కారు ముందు చక్రాలను పట్టుకుని ఉండే సామాను గురించి. ఇంజను సంగతి చెప్పడానికి ఊరినిండా పండితులున్నారు. బానెట్ ఎత్తితే చాలు, దారినపోయే ప్రతివాడూ తొంగిచూసి ఓ సలహా పారేస్తాడు. చక్రం వెనకాల ఉండే ఆర్ములూ, పిన్నులూ, ఇనుముకూ ఇనుముకూ మధ్య మెత్తగా కూర్చునే రబ్బరు బుష్‌లూ చూడ్డానికి మాత్రం ఎవడూ నడుం వంచడు. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది, అంతే. ముందు సామాను అరిగితే బండి ఆగదు, తనకిష్టమొచ్చిన దిక్కుకి పోతుంది. రెండిట్లో దేనికి భయపడాలో మీరే ఆలోచించుకోండి.

నా పేరు ఓబులేసు. మాది ప్రొద్దుటూరు పక్కన పల్లె. బతుకంతా హైదరాబాదులో కార్ల కింద గడిచింది. గర్వంగానే చెప్పుకుంటున్నాను, నాకు వినయం చేతకాదు.

ఉస్తాద్ నా చెవి పట్టుకున్న రోజు

నాకు పని నేర్పింది ఖాదర్ ఉస్తాద్. పాతబస్తీలో ఓ ఇరుకు సందులో ఆయన షెడ్డు. తిట్టు లేకుండా ఆయన ఒక్క పాఠమూ చెప్పిన పాపాన పోలేదు. ఒకసారి కొత్త రబ్బరు బుష్‌లు ఎక్కించి, బండి ఇంకా జాకీ మీద ఉండగానే నట్లు గట్టిగా బిగించబోయాను. చెవి దొరకబుచ్చుకున్నాడు.

"అరే ఓబుల్! నీ మెడ పక్కకు తిప్పి కట్టేస్తా. దినమంతా సీదా నడువు. నడుస్తవా?"

"నడవలేను ఉస్తాద్."

"మరి రబ్బరెట్ల నడుస్తది బే? బండిని జమీన్ మీద దించు. అది దాని కాళ్ళ మీద నిలబడ్డంక ఆఖరి చుట్టు కొట్టు."

విషయం ఇది. జాకీ ఎత్తితే చక్రాలు కిందికి వేలాడతాయి. అలా వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే ఇరుక్కుపోతుంది. బండిని దించగానే బరువు పడి రబ్బరు మెలితిరుగుతుంది, ఇక ఆగి ఉన్నా నడుస్తున్నా అది మెలికలోనే బతకాలి. కొన్నాళ్ళకు చిరిగిపోతుంది. ఈ సంగతి తెలిసీ చాలామంది గాల్లోనే బిగించేస్తారు. ఎందుకంటే దించిన బండి కిందికి దూరి, మోచేతులు గీరుకుంటూ బిగించడం కష్టం. కష్టమని మానేసేవాడికి ఈ పని దేనికి చెప్పండి? హాయిగా ఫ్యాను కింద కూర్చునే కొలువు చూసుకోవచ్చు.

రావుగారి గ్యారేజీ

తర్వాత చందానగర్‌లో, బొంబాయి రోడ్డు మీద, రావుగారనే ఆయన గ్యారేజీలో చేరాను. కృష్ణా జిల్లా మనిషి. చెడ్డవాడని అనను. జీతం ఒకటో తారీఖు దాటనిచ్చేవాడు కాదు. పనివాళ్ళందరినీ గారూ అనే పిలిచేవాడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, కంటికి కనిపించేదే పని అనుకోవడం.

ఆ రోజుల్లో సర్వీసింగ్ అంటే బండిని నీళ్ళతో కడిగి, చివర్లో వాడేసిన ఇంజనాయిలు అడుగంతా కొట్టేవాళ్ళు, తుప్పు పట్టకుండా. ఇనుముకు మంచిదే. రబ్బరుకు మంచిది కాదు. ఆ మాట నేను అంటే రావుగారు నవ్వేవాడు. "కస్టమరుకి మెరుపు కావాలండీ ఓబులేసు గారూ. రబ్బరు ఎవరు చూస్తారు?" ఏడాదికి ఒకటి రెండు సార్లు కొడితే పెద్ద నష్టం లేదులే అని నేనూ ఊరుకునేవాణ్ణి.

ఇలా ఉండగా నర్సింహ అంబాసిడర్ వచ్చింది. నర్సింహది నానక్‌రామ్‌గూడ. ఆ బండికి ముందు బుష్‌లు వేసి పంపితే, కొన్ని నెలలకే టకటకమంటూ మళ్ళీ వచ్చింది. మళ్ళీ వేశారు, మళ్ళీ వచ్చింది. అప్పుడు రావుగారు నన్ను పక్కకు పిలిచాడు.

"ఛాసిస్ వంగిపోయిందండీ. ఎన్ని బుష్‌లు వేసినా తినేస్తుంది. ముక్కల కింద అమ్మేసుకోమని చెప్పేయండి, పాపం."

"ఏంటికి చెప్పల్ల సార్? ఛాసిస్ వంగలే. నేను అడుగు చట్రం అంతా దారం పట్టి మూల నుంచి మూలకు కొలిచినా. రెండు పక్కలా ఒకటే లెక్క."

"మరి బుష్‌లెందుకు పోతున్నాయండీ?"

"అది నాకు తెలీదు. తెలీనిది తెలీదని చెప్తా. వంగిందని మాత్రం చెప్పను."

"ఇది నా గ్యారేజీ అండీ. ఇక్కడ నేను చెప్పిందే మాట."

"అయితే మీ మాట మీరుంచుకోండి. నా పానాలు నేను తీసుకుపోతా."

అన్నాను గానీ, సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చాక ఒకటో తారీఖు జీతం గుర్తొచ్చింది. ఇంట్లో ఏం చెప్పాలో తెలియలేదు. గేటు బయట నర్సింహ తన బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోపలి మాటలన్నీ విన్నట్టున్నాడు.

"అన్నా, ఛాసిస్ నిజంగనే మంచిగున్నదా? నా మీద ఒట్టేసి చెప్పు."

"నీ మీద ఎందుకబ్బా, నా పానాల మీద ఒట్టు. బాగుంది."

"అయితే నా బండి నువ్వే చెయ్యి. మా ఇంటికి రా. గ్యారేజీ లేకుంటే ఏమాయె, వాకిలున్నది కదా!"

సోమవారం దాకా గడువు

నన్ను ఇంటి దగ్గర దింపుతూ నర్సింహ తన కథ దారిలో చెప్పాడు. ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ లారీ తోలాడు. బొంబాయి, సూరత్, ఇంకా పైకి. ఇంటికొస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. చివరికి ఇంటి దగ్గరే ఉండొచ్చని ఈ పాత అంబాసిడర్ కొన్నాడు. అప్పుడప్పుడే మాదాపూర్ వైపు బండలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్నారు. అందులో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు తమ స్టాఫును తేవడానికి, దింపడానికి కార్లు కిరాయికి తీసుకుంటోంది. నర్సింహ తన బండినీ పెడదామని వెళ్ళాడు.

ఆ ఆఫీసులో బండ్ల వ్యవహారం చూసేది మిలిటరీలో సుబేదారుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన రంగు చూడడు, సీటు కవర్లు చూడడు. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపుతాడు. నర్సింహ బండి చక్రం ఊపగానే టక్కుమంది. "సోమవారం తీసుకురా. అప్పుడు కూడా ఊగిందంటే ఇంకో బండి చూసుకుంటా" అన్నాడట. ఇది జరిగింది ముందురోజే. అందుకే నర్సింహ హడావిడిగా గ్యారేజీకి వచ్చాడు, వస్తే రావుగారు ముక్కలకు అమ్ముకోమన్నాడు.

శనివారం పొద్దున్నే నానక్‌రామ్‌గూడలో వాళ్ళ వాకిట్లో అడుగుపెట్టేసరికి నర్సింహ భార్య యాదమ్మ గడప దగ్గర నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా అన్నా బాగ చేస్తనన్నది?"

"నేనేనమ్మా."

"అయితే ఇను. ఈ బండి ఒప్పుకోకపోతే ఈయన మల్ల లారీ ఎక్కుతడు. పోయినపారి లారీ దిగి ఇంటికొస్తే మా చిన్నది తండ్రిని సూసి 'ఎవరమ్మా' అన్నది. గా మాట ఇంకోపారి నా చెవుల పడొద్దు. సమజైందా?"

సరేనమ్మా అని పానాల సంచీ వాకిట్లో దించాను.

ఇటుకలు, బండలు, వేడినీళ్ళు

ఇంటి దగ్గర బండి విప్పేవాళ్ళకు మొదటి మాట. బండిని దేని మీద నిలబెడుతున్నారో చూసుకోండి. నేనొచ్చేలోపే నర్సింహ వాకిట్లో పరిచిన షాబాద్ బండ మీద తన జాకీ పెట్టాడు. బండ పటుక్కున విరిగింది. షాబాద్ బండ పైకి గట్టిగా కనిపిస్తుంది, దాని కింద మట్టి గుల్లగా ఉంటుంది. అటుపక్క ఇటుకలు కూడా ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టాడు మహానుభావుడు. కాలితో ఒక్క తన్ను తన్నాను, కుప్పకూలాయి.

"నీ తల కూడా ఇట్లనే అవుతుంది. ఇటుకల మీద కారు పెట్టి కింద దూరేవాణ్ణి దేవుడు కూడా కాపాడడు."

అదృష్టం ఏమిటంటే ఆ చుట్టుపక్కల రాళ్ళకు కరువు లేదు. పక్క గుడిసెల్లో ఉన్నవాళ్ళు రాయి కొట్టే పనివాళ్ళు. నాలుగు పలకలూ సాపుగా చెక్కిన గ్రానైటు దిమ్మలు తెచ్చిచ్చారు. ఏనుగును నిలబెట్టినా కదలనంత బరువు. నేను తెచ్చిన జాకీ కింద మందపాటి చెక్క వేసి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ఛాసిస్‌ను దిమ్మల మీద ఆనించాక గానీ నేను కిందికి దూరలేదు.

అంబాసిడర్‌కు ముందు వైపు చుట్టల స్ప్రింగు ఉండదు. పొడవాటి ఉక్కు కడ్డీ ఒకటి మెలితిరిగి బరువు మోస్తుంది. ఆ మెలికలో ఉన్న బలం తక్కువేం కాదు. అందుకని కింది ఆర్మును జాకీతో పట్టుకుని, పై జాయింటు విప్పి, జాకీని నిదానంగా దించుతూ కడ్డీ మెలిక వదిలేదాకా ఆగాలి. తొందరపడితే ఆర్ము ఎగిరి తన్నుతుంది. కడ్డీల్లో కూడా కుడిదీ ఎడమదీ వేరు. ఒక్కోటి తనకు అలవాటైన వైపే మెలితిరగాలి, తారుమారు చేస్తే విరుగుతాయి. సున్నంతో గుర్తు పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి కుడిపక్క విడిపోయింది. ఎడమపక్క మర చుట్లున్న కింది పిన్ను మాత్రం మొండికేసింది. కిరోసిన్ పోశాను, సుత్తితో చుట్టూ కొట్టాను, పానాకు పైపు తొడిగి వేలాడాను. ఊహూఁ! గుట్ట అవతల బండలు పేల్చే విజిల్ వినిపించింది, దబ్బుమని చప్పుడు, ఇంటి రేకులు గజగజలాడాయి. ఆ పేలుడు ఇక్కడ నా పిన్ను దగ్గర జరిగితే బాగుండనిపించింది.

నర్సింహ మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. "నాకు లారీయే రాసిపెట్టినట్టున్నది అన్నా."

"నోర్ముయ్!" అంది యాదమ్మ లోపల్నుంచి. "ఇంకో మాట అంటే గీ కాగుల ఉన్న నీళ్ళు నీ నెత్తిన పోస్త."

"అమ్మా, ఆ నీళ్ళు మరుగుతున్నాయా?" అన్నాను.

"కుతకుత ఉడుకుతున్నయ్."

"వాడి నెత్తిన ఏంటికి పోస్తావు, ఇట్లా తే. ఈ మొండిదాని మీద పోద్దాం."

చెంబుతో బయటి ముక్క మీద పోస్తూ ఉంటే, వేడికి అది కొంచెం వ్యాకోచించి పిన్నుకు సందు ఇచ్చింది. కిరోసిన్ లోపలికి దిగింది. మళ్ళీ పైపు తొడిగి లాగాను. కిర్రుమని ఒక్క పిసరు కదిలింది. ఆ చప్పుడు వినడానికే నేను ఈ వృత్తిలోకి వచ్చానేమో అనిపిస్తుంది ఒక్కోసారి. యాదమ్మ చప్పట్లు కొట్టింది.

శుక్రవారం నూనె

ఇక అసలు సంగతి. విప్పిన పాత బుష్‌లు అరచేతిలో పెట్టుకుని చూశాను. గాల్లో బిగించి ఉంటారు, మెలితిరిగి చిరిగి ఉంటాయి అనుకున్నాను. అలా లేవు. ఉడికిన వంకాయల్లా ఉబ్బి ఉన్నాయి. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగింది. వాసన చూశాను, ఇంజనాయిలు కంపు. గ్యారేజీలో ఎప్పుడో ఒకసారి కొట్టే ఆయిలుకు ఇంత నాశనం కాదు. మరి ఎక్కణ్ణుంచి?

తట్టలేదు. యాదమ్మ పెట్టిన జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని, చందానగర్ పోయి కొత్త బుష్‌లు తెచ్చాను. మొదటి కొట్టువాడు నకిలీ సరుకు అంటగట్టబోయాడు. గోరుతో గుచ్చితే గుంట అలాగే ఉండిపోయింది. మంచి రబ్బరైతే గుంట వెంటనే పూడుతుంది. రెండో కొట్లో మంచివి దొరికాయి.

ఇంట్లో ప్రెస్సింగు మిషను ఉండదు కదా, బుష్ ఎలా ఎక్కించాలి అని అడుగుతారు మీరు. ఒక పొడవాటి బోల్టు, ఒక పైపు ముక్క, రెండు మూడు పెద్ద వాషర్లు ఉంటే చాలు. నట్టు తిప్పుతూ పోతే బుష్ దానంతటదే లోపలికి వస్తుంది. ఆ ఏర్పాటు చేసుకుని మొదటి బుష్ పెట్టబోతుంటే, నర్సింహ వినయంగా ఒక డబ్బా, బ్రష్షు పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, జర ఆయిల్ పెట్టు. సాఫ్‌గ పోతది."

డబ్బాలోకి చూశాను. నల్లటి వాడేసిన ఇంజనాయిలు.

"ఇది యాడిది అబ్బా?"

"మన రావు సారు గ్యారేజీల పైసలు తీసుకోకుండ ఊకెనే ఇస్తరు. ప్రతి శుక్రారం నేనే కొడ్త కదా."

"ప్రతి శుక్రవారం? యాడ కొడతావు?"

వాడి ముఖం వెలిగిపోయింది. "పొద్దుగాల బండి కడుగుత, పసుపు కుంకుమ పెడ్త, ఊదుబత్తి ముట్టిస్త. ఇగ కిందికి పోయి ఒక్కొక్క జాయింటుకు బ్రష్షుతోటి మంచిగ ఆయిల్ పట్టిస్త. రబ్బర్లకైతే ఎక్కువ పట్టిస్త, పాపం అవే కదా బరువు మోసేది! ఒక్క శుక్రారం తప్పలే అన్నా. పానం బాగలేకున్నా తప్పలే."

బుష్ నా చేతిలోంచి జారిపోయింది. ముందు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాను. ఆ తర్వాత కోపం ముంచుకొచ్చింది.

"నువ్వేనా నాయనా బుష్‌లను తింటా ఉండేది! ఛాసిస్ వంగిందంట, ఛాసిస్! నీ భక్తే వంచింది దీన్ని! రబ్బరుకు నూనె పెడతారా ఎవరన్నా?"

నర్సింహకు రోషం వచ్చింది. లేచి నిలబడ్డాడు. "ఏందన్నా గట్ల మాట్లాడుతవ్? మా నాయిన ఎడ్లబండి ఇరుసుకు ఆముదం పెట్టనిది పొలం మొఖం సూడకపోతుండె. ఆయన బండి ఎన్నడన్న ఆగిందా? బండికి నూనె పెట్టుడు తప్పెట్లయితది?"

వాడి తండ్రి చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పని. మామూలుగా కస్టమర్లు బండిని పట్టించుకోక చెడగొడతారు. ఈ మనిషి మరీ ఎక్కువ పట్టించుకుని చెడగొట్టాడు. అలాంటివాణ్ణి ఏమని తిట్టాలి? కోపమంతా దిగిపోయింది.

"కూర్చో అబ్బా. మీ నాయన చేసింది రైటే. ఇరుసు ఇనుము, దానికి నూనె కావల్ల. ఇదిగో, ఈ పిన్ను కూడా ఇనుమే, దీనికి గ్రీజు కావల్ల. ఈ రబ్బరు మాత్రం వేరే జాతి. నీకు రొట్టె పెడితే బలం, ఎద్దుకు గడ్డి పెడితే బలం. నీకు గడ్డి పెడితే?"

"నేనెప్పుడో మొత్తుకున్న!" యాదమ్మ అందుకుంది. "గంత నూనె ఎందుకయ్యా, అంగీలు పిండలేక నా రెక్కలు పోతున్నయంటె ఇన్నడా? నూనె తాగీ తాగీ బండికి అజీర్తి చేసింది."

"మరి గిది ఎట్ల ఎక్కాలె, నూనె లేకుంటె?" అన్నాడు నర్సింహ, ఇంకా పూర్తిగా నమ్మకుండా.

"సబ్బు నీళ్ళతో. ఎక్కిన తర్వాత ఎండిపోతాయి, రబ్బరుకు ఏ హానీ ఉండదు. అమ్మా, బట్టల సబ్బు ఉందా?"

యాదమ్మ సబ్బు తెచ్చి, మగ్గులో నురగ చేసి, తనే బుష్‌కు పూసి అందించింది. నట్టు తిప్పుతుంటే బుష్ జర్రున లోపలికి దిగింది. నర్సింహ ఒక్క నిమిషం దాని వైపే చూసి, డబ్బా తీసుకెళ్ళి గేటు బయట పెట్టి వచ్చాడు. ఆ తర్వాత పిన్నులకు గ్రీజు ఎక్కించే పని మాత్రం వాడికే ఇచ్చాను. నూనె పెట్టే చెయ్యి ఊరికే ఉండలేదు కదా.

మీకు చెప్పొచ్చేదేమిటంటే, ఒకే సామాను మళ్ళీ మళ్ళీ పోతుంటే సామానును తిట్టకండి, బండిని తిట్టకండి. బండి యజమాని దగ్గర కూర్చుని, వారం రోజులు దాన్ని ఏం చేస్తాడో అడగండి. రావుగారి గ్యారేజీలో మేమెవ్వరం ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. నర్సింహ ఇంటికి వెళ్ళబట్టి నాకు తెలిసింది.

ఆదివారం సాయంత్రానికి అన్నీ బిగిశాయి, ఆఖరి చుట్టు తప్ప. గ్రానైటు దిమ్మలకు చెక్కలు ఏటవాలుగా పెట్టి, బండిని చక్రాలతోనే దిమ్మల మీదికి ఎక్కించాం. ఇప్పుడు బరువంతా చక్రాల మీదే ఉంది, నేను దూరడానికి సందూ ఉంది. మొగుడూ పెళ్ళాలు బంపర్ మీద చేతులు వేసి బండిని కిందికీ పైకీ ఊపారు, అన్నీ తమ తమ చోట్ల సర్దుకోవాలని. అప్పుడు కిందికి దూరి ఒక్కొక్క నట్టూ చివరిదాకా లాగాను. దారం కట్టి ముందు చక్రాలు రెండూ సరిగ్గా చూస్తున్నాయో లేదో సరిచూశాను. బయటికొచ్చి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. గోడను ఊపినట్టుంది.

సుబేదారు చెయ్యి

సోమవారం ఆఫీసు గేటు పక్కన ఖాళీ స్థలంలో బండ్లు వరసగా నిలబడ్డాయి. అన్నీ మెరుస్తున్నాయి, కొన్నిటికి ప్లాస్టిక్ కూడా తీయలేదు. మధ్యలో మన ముసలి అంబాసిడర్. డ్రైవర్లు నవ్వుకుంటున్నారు. యాదమ్మ షేర్ ఆటోలో వచ్చి చెట్టు నీడన నిలబడింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆఫీసు సొంత బండ్ల మరమ్మతు రావుగారి గ్యారేజీదే కాబట్టి ఆయన కూడా ఉన్నాడు. నన్ను చూసి తల పంకించాడు, పలకరించలేదు.

సుబేదారు వచ్చాడు. తెల్ల మీసం, ఇస్త్రీ చొక్కా. అంబాసిడర్ కుడి చక్రాన్ని పట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు. మళ్ళీ ఊపాడు, ఈసారి కాలు తన్నిపెట్టి. లేదు. ఎడమ చక్రం దగ్గరికి వెళ్ళాడు. అదీ అంతే. సుబేదారు కనుబొమలు ముడేసి, వంగి అడుగుకు తొంగిచూశాడు.

"కింద ఎండిపోయి ఉందండీ" అన్నాడు రావుగారు. "సర్వీసింగ్ సరిగ్గా చేయించినట్టు లేదు."

"ఎండిపోలేదు సార్. పొడిగా ఉంది. పొడిగానే ఉండల్ల" అన్నాను. "గ్రీజు ఉండాల్సిన చోట ఉంది, మీరు వేలు పెట్టి చూడండి."

సుబేదారు నిజంగానే వేలు పెట్టి చూశాడు. వేలికి అంటిన గ్రీజును బొటనవేలితో నలిపి, తాళంచెవి కోసం నర్సింహ వైపు చెయ్యి చాపుతూ నాతో అన్నాడు. "నేనే తోల్త. నువ్వు ఎనక కూసో."

కొండాపూర్ వైపు అప్పుడు రోడ్డు సగం వేసి ఉంది, సగం కంకర. కంకర మీద ఆయన బండిని కనికరం లేకుండా పరిగెత్తించాడు. నేను ఒక్క టక్కు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాను. టైర్ల కింద రాళ్ళ చప్పుడే తప్ప ఇంకేం లేదు. కొత్త తారు మీదికి రాగానే రెండు చేతులూ స్టీరింగ్ మీది నుంచి తీసేసి, తన తొడల మీద పెట్టుకున్నాడు. బండి గీత గీసినట్టు తిన్నగా పోయింది. గట్టిగా బ్రేకు కొట్టాడు. అటూ ఇటూ లాగకుండా ఆగింది. అద్దంలోంచి నా వైపు చూశాడు.

"యాడ చేసిన్రు ఈ పని?"

"వాళ్ళ వాకిట్లో సార్."

"వాకిట్లనా!" అని మీసం కింద నవ్వాడు.

తిరిగొచ్చేసరికి డ్రైవర్లందరూ గుమిగూడి ఉన్నారు. సుబేదారు దిగి, తాళంచెవి నర్సింహ చేతిలో పెట్టాడు. "రేపు పొద్దుగాల నుంచి డ్యూటీ. టైముకు రావాలె. తెల్ల అంగీ తొడుక్కొని రా."

నర్సింహ బానెట్ మీద రెండు చేతులూ ఆనించి తల వంచుకున్నాడు, భుజాలు అదురుతున్నాయి. యాదమ్మ చెట్టు కింది నుంచి పరుగున వచ్చి వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. "ఏడుస్తవేంది? తెల్ల అంగీ ఏది నీకు? పా, పోయి కొందం!" అంటూ తనే ఏడ్చేసింది. నాకూ కళ్ళు చెమర్చాయి. ఇవాళ్టిదాకా నేను చేసిన ఏ పనికీ అంత ఆనందం కలగలేదని ఒట్టేసి చెప్పగలను.

రావుగారు అందరూ వెళ్ళేదాకా ఆగి, అంబాసిడర్ చక్రాన్ని తన చేతులతో ఊపి చూసుకున్నాడు. "ఎక్కడ పట్టుకున్నారండీ?" అని అడిగాడు. దాచకుండా చెప్పాను. ఆయన రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. చివరికి "మనమే డబ్బాలు నింపి ఇచ్చామండీ" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన మీద గౌరవం పెరిగింది. అలాగని మళ్ళీ కొలువులో చేరలేదు.

మర్నాడు పొద్దున, నా జాకీ తెచ్చుకుందామని నానక్‌రామ్‌గూడ వెళ్ళాను. వాళ్ళ సందు మొదట్లోనే ఆగిపోవాల్సి వచ్చింది. నిన్న నవ్విన డ్రైవర్ల బండ్లే, ఒకదాని వెనక ఒకటి, యాదమ్మ వాకిలి నుంచి సందు చివరిదాకా నిలబడి ఉన్నాయి. అన్నిటికంటే చివర్లో రావుగారి సొంత కారు, దాని డ్రైవరు స్టీరింగ్ మీద గడ్డం ఆనించుకుని ఎదురుచూస్తున్నాడు. గ్రానైటు దిమ్మలు రెండు అప్పటికే కడిగి, ముగ్గు పక్కన పెట్టి ఉన్నాయి.

"ఏందన్నా గింత ఆలిశం? సుబేదారు సారు ఊపకముందే చక్రాలు నువ్వు సూడాల్నని లైన్ కట్టిన్రు!" అని కేకేసింది యాదమ్మ.

"నర్సింహ ఏడమ్మా?" అని అడిగాడు ముందు బండి డ్రైవరు.

యాదమ్మ చేతిలో చీపురు పక్కన పెట్టింది. చిన్న కూతుర్ని చంకనెత్తుకుని, వాడికొక్కడికే కాదు, సందులో ఉన్న ఇళ్ళన్నిటికీ వినబడేలా జవాబు చెప్పింది.

"డ్యూటీకి పోయిండు. పొద్దుగూకంగనే ఇంటికొస్తడు."